హెవీ మెటల్, హార్డ్ రాక్ ఆల్బమ్‌లను లోతుగా వినడం ఎలా: పాతదాని పక్కన కొత్తదాన్ని పెట్టి వినే పద్ధతి

హెవీ మెటల్ వినడం మొదలుపెట్టిన వారిలో చాలామంది రెండు చోట్ల ఆగిపోతారు. కొందరికి అంతా ఒకటే మోతగా వినిపించి, చెవికి పట్టు దొరకదు. మరికొందరు బాగా పేరున్న పది పన్నెండు పాటలను పదేపదే వేసుకుంటారే తప్ప, ఆ పాటలు ఏ ఆల్బమ్‌లో ఏ స్థానంలో ఉన్నాయో, వాటికి ముందూ వెనకా ఏముందో ఎన్నడూ చూడరు. ఈ రెండు ఇబ్బందులకూ నాకు తెలిసిన మార్గం ఒకటే. ఒక ఆల్బమ్‌ను ఒకే రచనగా భావించి మొదటి నుంచి చివరి దాకా వినాలి. ఆ తరువాత అదే వంశంలో మరో కాలంలో పుట్టిన ఆల్బమ్‌ను దాని పక్కన పెట్టి, రెంటినీ మళ్లీ వినాలి. ఒక్కో ఆల్బమ్‌కు కనీసం నాలుగు విడతలు పడుతుంది కాబట్టి, వారానికి ఒకటి చాలు.

హార్డ్ రాక్‌కూ హెవీ మెటల్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న వాదంలోకి ఇక్కడ వెళ్లడం లేదు. హార్డ్ రాక్‌లో బ్లూస్ సంగీతపు ఊపు, గొంతు కలపడానికి వీలైన పల్లవి ముందుంటాయి. మెటల్‌లో రిఫ్, అంటే గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరగుచ్ఛం, పాటకు వెన్నెముకగా నిలుస్తుంది. 1970 ప్రాంతంలో ఈ రెండూ ఒకే ఇంట్లో పెరిగాయి. వినే పద్ధతి రెంటికీ ఒకటే.

మొదటి మెట్టు: వినడానికి సిద్ధపడటం

నలభై నుంచి యాభై నిమిషాల ఖాళీ సమయం, ఒక మోస్తరు హెడ్‌ఫోన్లు లేదా రెండు స్పీకర్లు, పాటల సాహిత్యం ముద్రించిన పుస్తిక ఉంటే చాలు. ఫోన్‌లో వినేవారు పాటల వరుసను కలగాపులగం చేసే షఫుల్‌ను, ఒక పాట చివరను తరువాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్‌ను ముందుగా ఆపివేయాలి. ఈ సంగీతంలో ఒక పాట ముగిశాక వచ్చే నిశ్శబ్దాన్ని కూడా కొలిచే పెడతారు.

ధ్వని స్థాయి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మెటల్‌ను చెవులు పగిలేలా వింటేనే అర్థమవుతుందనుకోవడం పొరపాటు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినకూడదు. ధ్వని 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే, ఒక ఎల్‌పీ రికార్డులో ఒక ముఖం వినడానికి కూడా సరిపోదు. మరీ తగ్గించినా మంద్రస్వరాలు చెవికి పలచబడతాయి కాబట్టి, బేస్ గిటార్ స్పష్టంగా తెలిసేంత వరకు మాత్రమే పెంచి అక్కడ ఆగాలి.

రెండో మెట్టు: ఏ ముద్రణ వింటున్నారో తెలుసుకోవడం

ఈ మెట్టును చాలామంది దాటవేస్తారు, కాని ఒకే పేరుతో ఉన్న రెండు ఆల్బమ్‌లు ఒకటే కాకపోవచ్చు. బ్లాక్ సబ్బత్ బృందపు గాయకుడు ఆజీ ఆస్బోర్న్ తొలి సోలో ఆల్బమ్‌లు ‘బ్లిజర్డ్ ఆఫ్ ఆజ్’ (1980), ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’ (1981) 2002లో మళ్లీ వెలువడినప్పుడు, బాబ్ డేస్లీ వాయించిన బేస్‌ను, లీ కెర్స్‌లేక్ వాయించిన డ్రమ్స్‌ను తీసివేసి, వేరే కళాకారులతో కొత్తగా వాయింపజేసి పెట్టారు. 2011 ముద్రణలో గాని అసలు వాద్యాలు తిరిగి రాలేదు. ర్యాండీ రోడ్స్ గిటార్ కోసం ఈ ఆల్బమ్‌లను వినదలచినవారు 2002 ముద్రణను పక్కన పెట్టడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం, ఎందుకంటే ఆ గిటార్ ఏ లయతో మాట్లాడుతూ పుట్టిందో ఆ లయే అందులో లేదు. మెగాడెత్ ‘రస్ట్ ఇన్ పీస్’ (1990) కూడా 2004లో కొత్తగా మిశ్రమం చేసినప్పుడు కొన్ని చోట్ల గాత్రం మారింది. బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ అయితే పుట్టుకతోనే రెండు రూపాల్లో ఉంది: బ్రిటన్ ముద్రణలో ‘ఈవిల్ వుమన్’ ఉన్న చోట అమెరికా ముద్రణలో ‘వికెడ్ వరల్డ్’ ఉంటుంది.

ఇక రీమాస్టర్, అంటే పాత రికార్డింగు ధ్వనిని మళ్లీ సరిచేసి విడుదల చేసినది, అన్న ముద్ర కనిపించగానే అది మెరుగైనదని అనుకోకూడదు. 1990ల నుంచి ఆల్బమ్‌లను ఒకదాన్ని మించి ఒకటి బిగ్గరగా వినిపించేలా తయారుచేసే పోటీ పెరిగింది. బిగ్గరతనం కోసం మెత్తని చోటుకూ గట్టి చోటుకూ ఉన్న తేడాను నొక్కివేస్తారు. మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ (2008) విషయంలో ఈ నొక్కుడు ధ్వని చిట్లిపోయేంత దూరం వెళ్లింది. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో అంత నొక్కుడు లేకుండా వెలువడడంతో, వేలాది శ్రోతలు రెంటినీ పోల్చి తేడాను స్వయంగా గుర్తించారు. మీరు రెండు ముద్రణలను పోల్చేటప్పుడు ముందు రెంటి ధ్వని స్థాయినీ సమానం చేయండి. బిగ్గరగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

మూడో మెట్టు: తొలి విడత, ఆపకుండా

మొదటిసారి వినేటప్పుడు ఏదీ విశ్లేషించవద్దు, వెనక్కి తిప్పవద్దు. గమనించవలసింది ఒక్కటే: ఆల్బమ్ ఎక్కడ ఊపిరి పీల్చుకుంది, ఎక్కడ వదిలింది. పాత ఆల్బమ్‌లలో దీనికి మంచి ఆనవాలు ఉంది. ఎల్‌పీ రికార్డు ఒక ముఖం మీద ఇరవై నిమిషాల చిల్లర మాత్రమే మంచి నాణ్యతతో పడుతుంది. అందుచేత ఆ కాలపు బృందాలు ఒక ఆల్బమ్‌కు రెండు ఆరంభాలు, రెండు ముగింపులు ఆలోచించుకోవలసి వచ్చేది. ఏసీ డీసీ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’నే చూడండి. గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న మరణించాడు; కొత్త గాయకుడు బ్రయన్ జాన్సన్‌తో బహామాస్‌లో రికార్డు చేసిన ఈ ఆల్బమ్ అదే సంవత్సరం జూలై 25న, నల్లని అట్టతో వచ్చింది. మొదటి ముఖం ‘హెల్స్ బెల్స్’లోని గంట మోతతో, సంతాపసభలాగా మొదలవుతుంది. రెండో ముఖం ఆల్బమ్ పేరు పెట్టుకున్న పాటతో, తలెత్తుకుని మొదలవుతుంది. ఈ రెండు ఆరంభాలను ఎదురెదురుగా పెట్టి చూసినప్పుడు గాని ఆ ఆల్బమ్ చెబుతున్న కథ తెలియదు.

మెటాలికా ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ (1986) మరింత చక్కని పాఠం. కోపెన్‌హేగన్‌లో రికార్డు చేసిన ఈ ఆల్బమ్‌లో ఎనిమిది పాటలు, దాదాపు 55 నిమిషాల నిడివి. ముఖానికి నాలుగు పాటలు. మెత్తని గిటార్ తీగల మీద మొదలై ఒక్కసారిగా దూకే ‘బ్యాటరీ’తో తెరుచుకుంటుంది, నాలుగో స్థానంలో నెమ్మదిగా సాగి చివరికి పగిలే పాట మొదటి ముఖాన్ని మూస్తుంది, రెండో ముఖంలో గాత్రమే లేని ‘ఒరాయన్’ వస్తుంది, ఆఖరున మళ్లీ అతివేగం. ఒక్కో పాటను విడిగా విన్నవారికి ఈ కట్టడం కనిపించదు. ఇందుకు పూర్తిగా ఎదురు కొసన, అదే సంవత్సరం వచ్చిన స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ పది పాటలను అరగంటలోపే ముగించి, ఊపిరి పీల్చుకునే చోటు దాదాపు ఇవ్వదు. అది కూడా ఒక కట్టడమే.

సీడీలు వచ్చాక 74 నిమిషాల దాకా చోటు దొరికింది, 1990లలో చాలా బృందాలు ఆ చోటునంతా నింపాయి. వాటిలో కత్తెర వేయవలసినవి చాలానే ఉన్నాయన్నది నా అభిప్రాయం. అటువంటి ఆల్బమ్‌ను తొలి విడతలోనే సగం దగ్గర ఆపి, మరునాడు మిగతాది వినడంలో తప్పేమీ లేదు.

నాలుగో మెట్టు: డ్రమ్స్, బేస్

రెండో విడతలో గిటార్‌ను, గాత్రాన్ని పట్టించుకోవద్దు. డ్రమ్స్‌ను పట్టుకుంటే మోత విడిపోతుంది. ముందు స్నేర్ డ్రమ్ దెబ్బను, అంటే సాధారణంగా నాలుగు మాత్రల్లో రెండో, నాలుగో మాత్ర మీద పడే పదునైన చప్పుడును వెతికి, వేలితో దానితో పాటు తట్టండి. ‘రెయిన్ ఇన్ బ్లడ్’ మొదటిసారి విన్నప్పుడు నాకు ఒక్క పాట నుంచి మరో పాటను వేరు చేయడం కూడా సాధ్యపడలేదు. మూడోసారి డేవ్ లొంబార్డో స్నేర్‌ను మాత్రమే అనుసరించాను; అంతదాకా గోడలా నిలబడినది ఇటుకలు ఇటుకలుగా కనిపించసాగింది.

వేగవంతమైన ఆల్బమ్‌లలో రెండు విషయాలను గుర్తుంచుకోవాలి. ఒకటి, రెండు కాళ్లతో వాయించే బేస్ డ్రమ్. మోటర్‌హెడ్ 1979 నాటి ‘ఓవర్‌కిల్’ పాట దీనిని తొలినాళ్లలోనే ముందుకు తెచ్చింది. రెండు, బ్లాస్ట్ బీట్; స్నేర్, బేస్ డ్రమ్, తాళాల పళ్లెం (సింబల్) మూడూ మితిమీరిన వేగంతో మోగుతాయి. అక్కడ వేగం ముఖ్యంగా డ్రమ్స్‌ది. పైన గిటార్ స్వరం చాలాసార్లు తీరిగ్గానే కదులుతుంది, చెవి దాన్నే పట్టుకుని నడవాలి. స్వీడన్ బృందం మెషుగ్గా ‘ఆబ్జెన్’ (2008) వంటి ఆల్బమ్‌లలో మరో లెక్క ఉంది: పళ్లెం మీద నాలుగు మాత్రల తాళం నిలకడగా సాగుతుంటే, బేస్ డ్రమ్, గిటార్ వేరే లెక్కలో నడిచి చాలా దూరం తరువాత తాళంతో కలుస్తాయి. చేత్తో తాళం వేస్తూ కీర్తన విన్న అలవాటున్న శ్రోతకు ఇది కష్టం కాకూడదు. తాళాన్ని పళ్లెంతో వేయాలి, గిటార్‌తో వేయకూడదు.

ధ్వనిని ఎక్కడ రికార్డు చేశారన్నది కూడా వినిపిస్తుంది. లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ (1971) చివరి పాటలో జాన్ బోనమ్ డ్రమ్స్ అంత విశాలంగా ఉండటానికి కారణం, హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల వరుస అడుగున వాటిని ఉంచి, పైనుంచి మైకులు వేలాడదీయడం. ఇక బేస్ గిటార్‌ను గుర్తుపట్టడం రానివారు, గుర్రపు దౌడులాంటి స్టీవ్ హారిస్ వేళ్ల కోసం ఐరన్ మెయిడెన్ ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ (1982) విని, ఆ వెంటనే బేస్ దాదాపు వినిపించని మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ (1988) వేయాలి. లేనప్పుడు తెలిసినంత బాగా బేస్ విలువ ఉన్నప్పుడు తెలియదు.

ఐదో మెట్టు: రిఫ్‌ను విప్పి చూడటం

ఈ సంగీతానికి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి మూడో విడతను పూర్తిగా గిటార్‌కే కేటాయించాలి.

బర్మింగ్‌హామ్‌లో పదిహేడేళ్ల వయసులో టోనీ ఐయోమీ లోహపు రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. అతడు ఎడమచేతివాటం వాడు, తీగలు నొక్కవలసింది కుడిచేత్తోనే. కరిగించిన ప్లాస్టిక్ సీసాతో వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పలచని తీగలు వాడాడు. తరువాత బ్లాక్ సబ్బత్ మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ (1971)లో కొన్ని పాటలకు గిటార్ శ్రుతిని మూడు అర్ధస్వరాలు కిందికి దించాడు. శ్రుతి దిగితే తీగ వదులవుతుంది, నొక్కడం తేలికవుతుంది, ధ్వని బరువెక్కుతుంది. ఇవాళ వినిపించే లోతైన మెటల్ ధ్వనిలో అధిక భాగానికి ఆ ఆల్బమ్‌లో మూలం ఉంది.

అదే బృందం తొలి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో రికార్డు చేశారు. 1970 ఫిబ్రవరి 13న వెలువడింది. వాన, గంట మోత తరువాత వచ్చే మొదటి రిఫ్‌లో ప్రధానంగా మూడే స్వరాలు: షడ్జం, పై షడ్జం, ఆ తరువాత ప్రతి మధ్యమం. శుద్ధ మధ్యమం కాని, పంచమం కాని రావలసిన చోట సరిగ్గా వాటి నడుమ స్వరం వచ్చి నిలబడుతుంది. పాశ్చాత్యులు ట్రైటోన్ అనే ఈ దూరం చెవికి ఎక్కడా కుదురు ఇవ్వదు, ఆ కుదురులేమే భయంగా మారుతుంది. ఆ మూడు స్వరాలను మీరు నోటితో పాడి చూడండి. ఒకసారి గొంతుతో పట్టుకున్న రిఫ్‌ను చెవి మళ్లీ వదలదు.

రెండో విషయం పవర్ కార్డ్. ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నడిపినప్పుడు వచ్చే డిస్టార్షన్‌లో మూల స్వరానికి తోడు, దాని వెంట మోగే పై స్వరాలు ఎన్నో పుడతాయి. షడ్జంతో పంచమాన్ని మాత్రమే కలిపి వాయిస్తే అవి ఒద్దికగా కలిసిపోతాయి. గాంధారాన్ని కూడా చేరిస్తే ఒకదానితో ఒకటి రాసుకుని బురదగా మారతాయి. అందుకే మెటల్ గిటార్ చాలా చోట్ల గాంధారాన్ని వదిలేస్తుంది. గాంధారమే లేనప్పుడు అది సంతోషపు రాగమో విషాదపు రాగమో రిఫ్ చెప్పదు, ఆ పని గాత్రం మీదో, పక్క స్వరాల మీదో పడుతుంది. మూడో విషయం, కుడిచేతి అరచేతి అంచును తీగల మీద ఆనించి ధ్వనిని మూసివేయడం. ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పేరు పాటలో మూసిన స్వరమేదో, తెరిచిన స్వరమేదో గుర్తిస్తూ వెళ్తే, జేమ్స్ హెట్‌ఫీల్డ్ తీగలను దాదాపు అన్నీ కిందికే మీటుతూ డ్రమ్స్ పని కూడా కొంత చేస్తున్నాడని తెలుస్తుంది.

రెండు గిటార్లున్న బృందాన్ని వినేటప్పుడు హెడ్‌ఫోన్‌లో ఒక వైపును తీసి వినండి. ఏసీ డీసీలో మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అన్నదమ్ములిద్దరూ చెరో చెవిలో ఉంటారు, ఒకరు వదిలిన ఖాళీలో మరొకరు పలుకుతారు. ఐరన్ మెయిడెన్ 1980ల ఆల్బమ్‌లలో రెండు గిటార్లు ఒకే వరుసను గాంధారమంత దూరంలో జంటగా పాడతాయి. గిటార్ ధ్వనిని మార్చడానికి కాలితో నొక్కే పెడల్ అనే చిన్న పెట్టెను మార్చితే ఒక ఊరి ధ్వనే మారిపోవచ్చు: స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో ఎంటూంబ్డ్ బృందం ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ (1990) కోసం బాస్ హెచ్‌ఎమ్-2 అనే పెడల్‌తో సాధించిన రంపపు కోత, మెటల్‌లో అతి తీవ్రమైన శాఖ అయిన డెత్ మెటల్‌లో స్వీడన్ బాణీకి గుర్తుగా నిలిచిపోయింది.

ఆరో మెట్టు: గాత్రం

నాలుగో విడతలో సాహిత్యం చేతిలో పట్టుకుని వినండి. రాబ్ హాల్ఫర్డ్, రోనీ జేమ్స్ డియో వంటి తారస్థాయి గాయకులకు పెద్దగా సాయం అక్కరలేదు. గొంతు చించుకుని పలికే డెత్ మెటల్ గాత్రానికి మాత్రం, ఒక పాట సాహిత్యాన్ని ముందు మౌనంగా చదివి, తరువాత వినాలి; మాటలు తెలిశాక అక్షరాలు వాటంతట అవే తేలుతాయి. చక్ షుల్డినర్ నడిపిన డెత్ అనే బృందపు ఆల్బమ్‌లు ‘హ్యూమన్’ (1991), ‘సింబాలిక్’ (1995) ఇందుకు తగినవి, ఆ సాహిత్యంలో మనుషుల గురించిన ఆలోచన ఉంది.

ఏడో మెట్టు: పాతదాని పక్కన కొత్తది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఈ మెట్టు కోసమే. ఒక పాత ఆల్బమ్‌ను నాలుగు విడతల్లో విన్న తరువాత, దాని సంతతిలో ఒక కొత్తదాన్ని ఎంచుకుని, రెంటినీ ఒకే వారంలో వినాలి. ఏది గొప్పదో తేల్చడం ఇక్కడ పని కాదు. కొత్తది ఏం తీసుకుంది, ఏం వదిలేసింది, ఏం పెంచింది అన్న మూడు ప్రశ్నలకు ఒక్కో వాక్యం రాసుకోండి.

ఒకే బృందంతో మొదలుపెట్టడం తేలిక. జూడాస్ ప్రీస్ట్ ‘స్టెయిన్డ్ క్లాస్’ (1978), ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ (2024) మధ్య నలభై ఆరేళ్ల దూరం ఉంది. ‘బ్రిటిష్ స్టీల్’ (1980) ఎక్కువ పేరున్నదే అయినా, మెటల్ బ్లూస్ నుంచి తెగిపోతున్న క్షణం ‘స్టెయిన్డ్ క్లాస్’లోనే బాగా వినిపిస్తుంది కాబట్టి నేను దానికే ఓటు వేస్తాను. పాతదానిలో డ్రమ్స్ గదిలో మోగుతున్నట్టు ఉంటాయి, కొత్తదానిలో ప్రతి దెబ్బా చెక్కినట్టు ఉంటుంది. గిటార్ల సంభాషణ మాత్రం అదే.

డెత్ మెటల్‌లో మార్బిడ్ ఏంజెల్ ‘ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ (1989) పక్కన బ్లడ్ ఇంకాంటేషన్ ‘యాబ్సల్యూట్ ఎల్స్‌వేర్’ (2024) పెట్టండి. డెన్వర్‌కు చెందిన ఈ బృందం బెర్లిన్‌లోని హాన్సా స్టూడియోలో రికార్డు చేసిన ఈ ఆల్బమ్‌లో ఉన్నవి రెండే రచనలు, ఒక్కొక్కటీ ఇరవై నిమిషాలకు పైబడినవి. ఎల్‌పీ రెండు ముఖాలు ఇక్కడ మళ్లీ ప్రాణం పోసుకున్నాయి. భీకరమైన రిఫ్‌ల నడుమ టాంజరీన్ డ్రీమ్ అనే పాత ఎలక్ట్రానిక్ సంగీత బృందపు థోర్‌స్టెన్ క్వేష్నింగ్ సింథసైజర్లు పరుచుకుంటాయి. కొత్తదనం ఒక్కోసారి రెండు పాతలను కలపడంలో ఉంటుంది.

హార్డ్ రాక్‌లో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’కు జోడీ అదే బృందం ‘పవర్ అప్’ (2020). మాల్కమ్ యంగ్ 2017లో మరణించినా, ఆ ఆల్బమ్ పాటలన్నీ అతడి పేరుతోనూ, తమ్ముడు ఆంగస్ పేరుతోనూ కలిపి ఉన్నాయి, ఎందుకంటే అన్నదమ్ములు ముందే కూర్చి దాచుకున్న రిఫ్‌ల నుంచే అవి తయారయ్యాయి. 1980 ఆల్బమ్‌లో ఒక చెవిలో మాల్కమ్‌ను వినడం నేర్చుకున్నవారికి, 2020 ఆల్బమ్‌లో అదే తరహా గిటార్‌ను వేరొకరి చేతుల్లో వినడం మామూలు అనుభవం కాదు.

చివరగా, నెమ్మది మెటల్‌కు ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’, స్వీడన్ బృందం క్యాండిల్‌మాస్ తొలి ఆల్బమ్ (1986), ఎలక్ట్రిక్ విజర్డ్ ‘డోప్‌థ్రోన్’ (2000), ఈ మూడింటినీ ఇదే వరుసలో వినండి. ఒక్కో ఆల్బమ్ ముందుదాని బరువును తీసుకుని, మరింత పెంచుతూ పోతుంది. మూడూ అయ్యాక మళ్లీ మొదటిదానికి, అందులోని ఆఖరి పాట ‘ఇంటు ది వాయిడ్’కు రండి. తొలిసారి బరువుగా, నెమ్మదిగా తోచిన ఆ పాట ఇప్పుడు తేలికగా, చురుగ్గా వినిపిస్తుంది. జాజ్ విని పెరిగిన బిల్ వార్డ్ డ్రమ్స్‌లో, వారసులెవరూ తీసుకోకుండా వదిలేసిన ఊపు ఒకటి ఉందని తెలుస్తుంది. మీ కాగితం మీద ‘ఏం వదిలేసింది’ అన్న ప్రశ్న ఎదురుగా ఆ వాక్యం రాసుకుని, ఆ ఊపును నిలుపుకున్న ఆల్బమ్ కోసం వెతకడం మొదలుపెట్టండి.